కూలిన బ్లాక్ హాక్ మోడల్: 1/35లో చేయాలా, 1/72లోనా?

1993 అక్టోబర్ 3న సోమాలియాలోని మొగదిషులో కూలిన అమెరికా సైనిక హెలికాప్టర్ బ్లాక్ హాక్, సూపర్ సిక్స్-వన్‌ని మోడల్‌గా చేయాలనుకునే వాళ్లకి మొదట ఎదురయ్యేది స్కేల్ సమస్యే: 1/35 అంటే అసలు సైజులో 35వ వంతు, 1/72 అంటే 72వ వంతు.

సైజు: అసలు రోటర్ (పైన తిరిగే రెక్కల) వ్యాసం 16.36 మీటర్లు. 1/35లో అది దాదాపు 47 సెంటీమీటర్లు, 1/72లో 23 లోపే. చుట్టూ సందు, గోడలు, శిథిలాలు కూడా పెట్టాలిగా, 1/35కి పెద్ద బల్లే కావాలి.

ఖర్చు: 1/72 చాలా తక్కువ. కిట్ (అతికించుకునే ప్లాస్టిక్ భాగాల సెట్) చెడిపోయినా ఇంకోటి కొనుక్కోవచ్చు.

అసలు కష్టం నలిగిన రేకు దగ్గరే. కిట్ ప్లాస్టిక్ మందం మిల్లీమీటర్ అనుకుంటే, 1/35లో అది మూడున్నర సెంటీమీటర్ల గోడతో సమానం, 1/72లో ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. అందుకే ప్లాస్టిక్‌ని వేడిచేసి వంచితే కరిగిన మైనంలా కనిపిస్తుందే తప్ప చిరిగిన అల్యూమినియంలా ఉండదు. 1/35లో అయితే చిరిగిన చోట ప్లాస్టిక్‌ని లోపలి నుంచి కాగితమంత పలచగా గీకి, లేదా దాని బదులు పలచటి రేకు అతికించి, గుండుసూదితో రివెట్ల వరస నొక్కి, అప్పుడు వేలితో నలపొచ్చు. 1/72లో అంత పని చేయడానికి చోటే ఉండదు, అంచులు పలచన చేసి రంగుతో సరిపెట్టుకోవాలి.

రిస్క్: 1/35లో లోపలంతా బయటపడుతుంది, సీట్లు, వైర్లు అన్నీ చేయాల్సిందే. ఇద్దరు పైలట్లు చనిపోయిన కాక్‌పిట్ అది, ఫొటోలు చూడకుండా ఊహించి చేయడం నాకు ఇష్టం ఉండదు.

మొదటిసారి చేస్తుంటే, లేదా వీధి మొత్తం చూపించాలంటే 1/72. రేకు పని చేతికి అలవాటై, నెలల తరబడి కూర్చునే ఓపిక ఉంటే మాత్రం 1/35.