కాజీపేటలో రెండు రోజులు, ఒక పులిహోర డబ్బా

కంటి శుక్లాల ఆపరేషన్‌కు తేదీ ఖాయమైన రోజునే అమ్మ కాజీపేటలోని ఫాతిమానగర్ దేవాలయానికి వెళ్లి రావాలని పట్టుబట్టింది. మాది మంచిర్యాల. 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ సీరో మలబార్ (కేరళలో పుట్టిన కతోలిక ఆచారం) మేత్రాసనానికి, అంటే బిషప్ పరిధికి, మా ఊరే కేంద్రం, గుడికి కొదవ లేదు. కానీ అమ్మ తొలి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పవిత్రమైన రొట్టె, అందుకున్నది కాజీపేటలో. కత్తి కంటిని తాకకముందే ఆ చోటు మళ్లీ చూడాలట.

శుక్రవారం రాత్రే వంటింట్లో హడావుడి మొదలైంది. పన్నెండు చపాతీలు, నిమ్మకాయ పచ్చడి, పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర. ఇద్దరికి రెండు రోజుల ప్రయాణం. "ఎందుకమ్మా ఇంత? ఎడారిలో దేవుడు కురిపించిన మన్నా దాచుకున్నవాళ్లకు తెల్లారేసరికి పురుగులు పట్టింది కదా" అన్నాను. డబ్బా మూత బిగిస్తూనే, "శుక్రవారం రెండింతలు ఏరుకోమన్నదీ ఆయనే బిడ్డా" అంది. బైబిల్లో ఆ కథ ఉన్న నిర్గమకాండం పదహారో అధ్యాయం నాకంటే ఆమెకే బాగా గుర్తుంది.

పెద్దపల్లి, జమ్మికుంట మీదుగా రైలు రెండు గంటలకు పైగా పట్టింది. స్టేషన్ నుంచి ఫాతిమానగర్‌కు ఆటో నూట యాభై అడిగాడు, ఎనభైకి వచ్చాడు. ముందే ఫోనులో గది తీసుకున్న లాడ్జి దగ్గర అసలు చిక్కు. ఫొటోలో కనిపించిన కిటికీ గదిలో లేదు. మూడో అంతస్తు, లిఫ్టు మరమ్మతులో ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మసక చూపు, మెట్లకు కమ్మీ లేదు. కింద గది ఇవ్వమంటే ఖాళీ లేదన్నారు, డబ్బు తిరిగి ఇవ్వమంటే కుదరదన్నారు. పద్నాలుగు వందలు నీళ్లలో పోసినట్టే. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు ఫొటోలు నమ్మకుండా, ఏ అంతస్తులో గది ఇస్తారో అడిగి మరీ డబ్బు కట్టండి.

సాయంత్రం దేవాలయంలో, చెప్పులు విడిచే చోట అమ్మ కాలితో నేలను తడుముకుంటుంటే ఒక సిస్టర్ చేయి అందించారు. మాటల్లో లాడ్జి సంగతి విని, తమ అతిథిగృహంలో నేల మీదే గది ఉందన్నారు. అయిదు వందలు. రెండు ఇనుప మంచాలు, ఉతికిన దుప్పట్లు, బకెట్‌లో వేడినీళ్లు. రాత్రి తొమ్మిదింటికి గేటు వేసేస్తారు, టీవీ లేదు, దోమతెర మనమే తెచ్చుకోవాలి. ఇవి ఇబ్బంది అనుకునేవారికి ఆ చోటు నప్పదు. నాకైతే లాడ్జిలో పోయిన డబ్బు అప్పుడే మరుపుకు వచ్చింది.

ఈ దేవాలయం ఉన్న వరంగల్ మేత్రాసనం 1952లో హైదరాబాద్ నుంచి విడివడింది. మొదటి మేత్రాణులు (బిషప్) ఇటలీ నుంచి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా. ఆ పేరు వింటే అమ్మ ఇప్పటికీ చేతులు జోడిస్తుంది. ఆ సాయంత్రం సత్ప్రసాదం ఉంచే దివ్యమందసం దగ్గర వెలుగుతున్న ఎర్ర దీపం వైపు తిరిగి చాలాసేపు కూర్చుంది. దీపం కనిపిస్తోందా అని అడిగాను. "ఎరుపు కనిపిస్తోంది, చాలు" అంది. నాకు మళ్లీ మన్నాయే తట్టింది. నిల్వ ఉంచితే కంపుకొట్టే ఆ మన్నాలోనే ఒక ఓమెరు (ఆనాటి కొలత) తరతరాలకు దాచిపెట్టమన్నాడు దేవుడు. మన భయంతో దాచుకున్నది చెడింది, ఆయన మాట మీద దాచినది నిలిచింది. ఆపరేషన్ గురించి నేను పోగేసుకున్న ప్రశ్నలు, వైద్యుల పేర్లు, బీమా కాగితాలు ఏ డబ్బాలో చేరతాయో తేల్చుకోలేకపోయాను.

ఆదివారం పొద్దున అమ్మ చక్కెర వ్యాధి మాత్ర నీళ్లతో మింగి, ఇడ్లీ మాత్రం ముట్టనంది. సత్ప్రసాదానికి ముందు ఉపవాసం ఒకప్పుడు అర్ధరాత్రి నుంచి ఉండేది. 1957లో మూడు గంటలైంది, 1964లో గంటకు తగ్గింది. నీళ్లకు, మందులకు అడ్డు లేదు. వృద్ధులకు, రోగులకు ఆ గంట నియమం కూడా లేదు, వాళ్లను చూసుకునేవారికి సైతం లేదు. అంటే నాకూ ఇడ్లీ చెల్లుతుంది. ఇదంతా విడమరిచి చెప్పాను. "నువ్వు తిను" అంది. ఇక తినగలనా?

పూజలో నేనొక పొరపాటు చేశాను. మా సీరో మలబార్ కుర్బానాలో (పూజలో) సమాధానం, అంటే శాంతి నమస్కారం, ఇచ్చిపుచ్చుకోవడం ముందే వస్తుంది, ఇక్కడి లాటిన్ (రోమన్) పూజలో పరలోక ప్రార్థన తర్వాత. అలవాటుగా ముందే పక్కాయన వైపు తిరిగి చేతులు జోడించాను. ఆయన కంగారుపడి తానూ జోడించి, తర్వాత అసలు సమయం వచ్చినప్పుడు నవ్వుతూ మళ్లీ జోడించాడు. ఈ నమస్కారం మన దేశపు లాటిన్ పూజలోకి 1969లో అనుమతితో వచ్చినదే. సత్ప్రసాదం వరుసలో అమ్మ నా మోచేయి పట్టుకుని నడిచింది. "క్రీస్తు శరీరం" అన్న మాట వినగానే చేయి వదిలేసి, రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి చాచింది. "ఆమెన్" గట్టిగానే అంది. అక్కడి నుంచి బెంచీ దాకా నా మోచేయి కోసం వెతకలేదు.

మధ్యాహ్నం హనుమకొండలో వేయిస్తంభాల గుడి చూశాం. 1163 నాటి రుద్రదేవుడి కట్టడం. అమ్మ రాతి ఏనుగులను వేళ్లతో తడిమి చూసింది. రామప్పకు ఒక పూట చాలదు, మానుకున్నాం.

తిరుగు రైలు ఎక్కాక డబ్బా తెరిస్తే పులిహోర పులిసిపోయింది. నేనేమీ అనలేదు. అమ్మే వాసన చూసి, మూత పెట్టి, కిటికీ వైపు తిరిగి కాసేపు ఊరుకుంది. ప్లాట్‌ఫాం మీద కొన్న ఇడ్లీ పొట్లం విప్పుకున్నాం.

ఆపరేషన్ అయ్యాక మళ్లీ వస్తామని సిస్టర్‌కు మాట ఇచ్చాం. గది వాళ్ల దగ్గరే. పులిహోరలో ఈసారి చింతపండు ఇంకాస్త ఎక్కువ వేస్తుందట, నిల్వ ఉండడానికి.