చెట్టెక్కే పనికి కొక్కెం, తాడు: తొమ్మిదేళ్లు వాడాక

గుంటూరులో మాది కొమ్మలు కొట్టే పని. నలుగురం. ఇళ్ల మీదికి వంగిన వేపలు, కరెంటు తీగలకు తగిలే నిద్రగన్నేర్లు, గాలివానకు విరిగి వేలాడే తురాయి కొమ్మలు, ఇవే మాకు అన్నం పెడతాయి. 2016లో మొదటి కొక్కెం చేయించాను. అప్పటినుంచి మూడు కొక్కేలు, నాలుగు రకాల తాళ్లు వాడాను. ఈ మధ్య పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు ఫోన్ చేసి, "అన్నా, మడత కొక్కెం ఆన్‌లైన్‌లో తక్కువకే వస్తోంది, దాన్ని పైకి విసిరి తాడు పట్టుకుని ఎక్కేయొచ్చా?" అని అడుగుతున్నారు. ఎక్కకూడదు. ఎందుకు కూడదో, మరి కొక్కెం దేనికి పనికొస్తుందో నాకు తెలిసినంత రాస్తాను.

బావి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు పాతాళ గరిగె గుర్తుండే ఉంటుంది. చేద తాడు తెగి బావిలో పడితే, గుత్తిగా కొక్కేలున్న ఆ ఇనుప సామాను దింపి, అడుగున తడిమి, తగిలించి పైకి లాగేవాళ్లు. మా కొక్కెం కూడా ఆ జాతిదే. మధ్యలో కాడ, ఒక చివర మూడు నాలుగు కొమ్ములు, రెండో చివర తాడు కట్టే కన్ను. దాన్ని కిందికి దింపేవాళ్లు, దీన్ని పైకి విసురుతాం. పాతాళ గరిగె పట్టు జారితే చేద మళ్లీ నీళ్లలో పడుతుంది, అంతే. చెట్టు మీద ఆ మాట అనుకోలేం.

మొదటి కొక్కెం విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో చేయించాను. ఇంటి స్లాబుకు మిగిలిన 12 మి.మీ. టీఎంటీ ఊచ ఇచ్చి, కాల్చి వంచి వెల్డింగ్ పెట్టమన్నాను. తప్పు నాదే. టీఎంటీ ఊచకు బలం పైపొరలో ఉంటుంది. తయారీలో వేడి మీద ఉన్న ఊచను నీళ్లతో చప్పున చల్లార్చడం వల్ల ఆ పొర గట్టిపడుతుంది. మళ్లీ ఎర్రగా కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది. తొమ్మిది నెలలు బాగానే పనిచేసి, ఒకరోజు మామిడి కొమ్మను పక్కకు లాగుతుంటే ఒక కొమ్ము విచ్చుకుని కొక్కెం ఊడి వచ్చింది. కింద నిలబడినవాడి భుజం పక్కనుంచి పోయింది. రెండోది నున్నటి ఎంఎస్ (మెత్తటి ఉక్కు, మైల్డ్ స్టీల్) రౌండ్ రాడ్‌తో చేయించాను. కొమ్ముల మొదళ్లు కాడ పక్కన రెండంగుళాల మేర ఆనేలా పెట్టి, పొడుగునా వెల్డింగ్ వేయించాను. ఏడేళ్లుగా అదే వాడుతున్నాం. బరువు కిలో దాటదు. ప్రతి వర్షాకాలం ముందు తుప్పు గీకి, వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత పగులైనా ఉందేమో చూసి రంగు వేస్తాను.

మూడోది ఆన్‌లైన్‌లో కొన్న స్టెయిన్‌లెస్ మడత కొక్కెం. సంచిలో చక్కగా ఇముడుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మడత దగ్గరి మేకులు ఆరు నెలలకే వదులయ్యాయి. పెట్టె మీద పెద్ద బరువు అంకె రాశారు గానీ ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారో ఎక్కడా లేదు. అలాంటి అంకెను నేను లెక్కలోకి తీసుకోను. ఇప్పుడు దాన్ని కాలువలో పడ్డ కొమ్మలు ఒడ్డుకు లాగడానికి మాత్రమే వాడుతున్నాం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటాక పది రోజులపాటు మాకు నిద్ర లేదు. బ్రాడీపేటలో ఒక ఇంటి ముందు నిద్రగన్నేరు కొమ్మ సగం విరిగి వేలాడుతోంది. మా తమ్ముడు వరస కుర్రాడు, మనిషిని మోసే అసలు తాడు మీద వేలాడుతూ, పక్క కొమ్మ పంగలోకి కొక్కెం విసిరాడు. కిందనుంచి ఇద్దరం గట్టిగా లాగి చూశాం, కదల్లేదు. సరేనని వాడు దాని మీద బరువేసి పక్కకు జరిగాడు. తాడు కోణం మారింది. కొక్కెం పంగలో దొర్లి, చటుక్కున బయటికొచ్చేసింది. వాడు ఊగి వచ్చి మానుకు కొట్టుకున్నాడు. భుజం బెణికింది. అసలు తాడు లేకపోతే ముప్పై అడుగులు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

తర్వాత చాలాసేపు ఆలోచిస్తే అర్థమైంది. కొక్కెం ఒక దిక్కుకు లాగినప్పుడే పట్టు నిలుపుతుంది. కిందనుంచి నిలువుగా లాగి చూసిన పరీక్ష, పక్కకు జరిగాక చెల్లదు. బరువు ఒక్క క్షణం తగ్గినా, తాడు వదులైనా, కొమ్ము తిరిగిపోతుంది. అది బెరడులో దిగిందో, పుచ్చులో దిగిందో కిందనుంచి కనిపించదు కూడా. అందుకే ఎంత మంచి ఉక్కు పెట్టినా, ఎంత ఖరీదు పెట్టినా, మనిషి ప్రాణానికి కొక్కెం ఒక్కటే ఆధారం కాకూడదు.

మరి తాడు పైకి ఎలా పోవాలి? దానికి విసురు సంచి ఉంది. 300 గ్రాముల బరువున్న చిన్న సంచి, దానికి 2 మి.మీ. సన్న దారం. సంచిని పంగ మీదుగా విసిరి అవతల దింపి, దారానికి అసలు తాడు కట్టి లాగుతాం. మొదట్లో పదిసార్లు విసిరితే ఒకసారి పడేది. రోజూ సాయంత్రం వేపచెట్టు కింద సాధన చేస్తే, నెల రోజులకు నలభై అడుగుల పంగ అందుకున్నాం. పచ్చిగా ఉన్న, మాను దగ్గర తొడంత లావున్న కొమ్మ పంగనే ఎంచుకుంటాం. తాడు ఒక కొసను కింద మాను మొదలుకు కట్టి రెండో కొస మీద ఎక్కితే, పైన పంగ మీద మనిషి బరువుకు దాదాపు రెండింతలు పడుతుంది. 80 కిలోల మనిషికి 160 కిలోలన్నమాట. అందుకే ముందు ఇద్దరం కలిసి తాడుకు వేలాడి చూశాకే ఒకడు ఎక్కుతాడు. తురాయి కొమ్మలు చిటుక్కున విరుగుతాయి కాబట్టి, తురాయికి ఇంకా జాగ్రత్తగా పంగ చూసుకోవాలి.

కొక్కేనికి తగిన పనులు వేరే ఉన్నాయి. విరిగి పై కొమ్మల్లో ఇరుక్కున్న మండల్ని కిందనుంచే లాగడానికి దాన్ని మించింది లేదు. దోటి అందని ఎత్తులో మరీ ఉపయోగం. విసురు సంచి పంగ దాటి అందకుండా వేలాడుతుంటే దాని దారాన్ని దగ్గరికి లాక్కోవచ్చు. ఇక అసలు తాడు మీద క్షేమంగా ఉన్న మనిషి, కొమ్మ చివరికి జరగడానికి చేతికి ఊతంగా వాడుకోవచ్చు. అప్పుడు కూడా అది జారితే ఎటు ఊగుతామో, దారిలో గోడ ఉందా, తీగ ఉందా అని ముందే చూసుకోవాలి.

ఇంకొక చిన్న కిటుకు. సీతానగరం వైపు పడవవాళ్లు లంగరు రాళ్లలో ఇరుక్కుంటే వెనక్కి లాగడానికి దాని తల దగ్గర రెండో తాడు కడతారు. నేనూ కొక్కెం కొమ్ముల వైపు సన్నతాడు ఒకటి కట్టాను. అప్పటినుంచి చెట్టు మీద కొక్కెం వదిలేసి రావాల్సిన అవసరం పడలేదు.

తాళ్ల దగ్గరికొస్తే, డబ్బు ఇక్కడ పెట్టండి. గుంటూరు పట్నంబజారులోనైనా, విజయవాడ వన్‌టౌన్‌లోనైనా కిలోల లెక్కన దొరికే పచ్చ, నీలం ప్లాస్టిక్ తాడు పాలీప్రొపిలీన్. కొమ్మలు కట్టడానికి సరిపోతుంది. మనిషి ఎక్కడానికి కాదు. అది 160 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ముడి రాసుకుంటూ వేగంగా దిగితే పుట్టే వేడికి మెత్తబడిపోతుంది. ఎండకు పీచు పొడిలా రాలుతుంది. మన ఎండలు తెలిసిందే కదా. కొబ్బరి పీచు తాడు లోపల కుళ్లినా పైకి కనిపించదు. మూడు పేటల నైలాన్ తాడు బలమైనదే, కానీ సాగుతుంది, బరువు పడగానే పురి విప్పుకుంటూ మనిషిని తిప్పేస్తుంది.

చివరికి కుదిరింది 11 మి.మీ. అల్లిక తాడు. లోపల బలం మోసే పీచు, పైన దాన్ని కాపాడే అల్లిక తొడుగు. దాని మీద ఈఎన్ 1891, టైప్ ఏ అని (ఇలాంటి తాళ్లకు యూరప్ ప్రమాణం అది) ఉందో లేదో చూసుకోండి. ఈ రకం తాడు కనీసం 22 కిలోన్యూటన్ల లాగుడు తట్టుకోవాలి, అంటే సుమారు 2,200 కిలోల బరువు. ముడి వేస్తే అందులో మూడో వంతు దాకా పోతుంది, అయినా చాలినంత మిగులుతుంది. కొండలెక్కేవాళ్ల సాగే తాడు కొనొద్దు. దాని మీద ఎక్కుతుంటే రెండడుగులు పైకి, ఒక అడుగు కిందికి అన్నట్టుంటుంది.

ఎక్కడానికి ప్రూసిక్ ముడి నేర్చుకున్నాం. సన్నతాడును లావుతాడు చుట్టూ మూడు చుట్లు చుడితే, బరువు పడినప్పుడు బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు మా తాత గుర్తొచ్చాడు. ఆయన మోకు కట్టుకుని తాడిచెట్టెక్కేవాడు. నడుము వెనక్కి వాల్చితే మోకు మానును పట్టేసేది, ముందుకు ఒరిగితే వదులయ్యేది. పంగ లేని తాడిచెట్టుకు ఇప్పటికీ మోకే సరైనది, అక్కడ కొక్కేనికి పనే లేదు.

తాడును పాడుచేసేది చెట్టు కాదు, మన అజాగ్రత్త. ఒకసారి ట్రాలీ ఆటోలో పాత బ్యాటరీ పక్కన నలభై మీటర్ల తాడు పెట్టి వచ్చాను. యాసిడ్ తగిలిందో లేదో తెలియలేదు, పైకి మచ్చ కూడా లేదు. మా అల్లిక తాడు నైలాన్‌దే, నైలాన్‌ను యాసిడ్ తినేస్తుంది కాబట్టి ఆ తాడు ముక్కలు చేసి పారేశాను. మీటరు 200 రూపాయల చొప్పున కొన్నది, మనసు చివుక్కుమంది. మట్టి పడితే కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లలో ఉతికి నీడన ఆరేస్తాం. పని మొదలుపెట్టే ముందు తాడంతా గుప్పిట్లోంచి జార్చుకుంటూ మెత్తబడిన చోటు, గట్టిపడిన చోటు ఉందేమో తడిమి చూస్తాం.

తీగల దగ్గర మాత్రం ఇనుప కొక్కెం సంచిలోంచే తీయం. 11 కేవీ లైను పక్కనున్న చెట్టు అయితే, కరెంటు వాళ్లు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, లైను ఆపేశామని చెప్పేదాకా నిచ్చెన కూడా ఆనించం. తడిసిన తాడు కూడా కరెంటును మోస్తుంది. ఇంటివాళ్లు తొందరపెడతారు, పైగా మేస్త్రీ ఎవడో ఐదు నిమిషాల్లో కొట్టేశాడని చెబుతారు. రేపు రమ్మంటే రేపే వస్తాం.

ఇప్పుడు వాడుతున్నది మూడో అల్లిక తాడు, 2024 మార్చిలో మొదలుపెట్టాం. ఒక చివర రెండు మీటర్ల మేర తొడుగు పీచు లేస్తే కోసేసి కొసను కాల్చాం. నలభై మూడు మీటర్లు మిగిలింది. వచ్చే వేసవికి దీన్ని కొమ్మలు దించడానికి కూడా వాడకుండా తీసేసి, కొత్తది తెస్తాను.