సంక్రాంతి చేతికుట్టు గుడ్డలకు క్రాస్ స్టిచ్ మేలా, కాడకుట్టు మేలా?

సంక్రాంతి పేరంటంలో తాంబూలంతో పాటు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చే బదులు, ఈసారి చేత్తో కుట్టిన చదరపు గుడ్డలు ఇచ్చిపుచ్చుకోవాలని విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి ఆడవాళ్లం ఎనిమిదిమందిమి అనుకున్నాము. కొలత 5 అంగుళాలు. కుంకుమ భరిణె కింద వేసుకోవడానికీ, కొలువులో ఒక బొమ్మ కింద పరవడానికీ అది చాలు. తేలనిదల్లా కుట్టు సంగతే. కొందరు గళ్లు గళ్లుగా నేసిన ఐడా గుడ్డ మీద, ఇంటూ గుర్తులా గడికొకటి వేసే క్రాస్ స్టిచ్ అన్నారు, తక్కినవారు మంగళగిరి నూలు గుడ్డ మీద, గీత వెంట సాగే కాడకుట్టు (స్టెమ్ స్టిచ్) అన్నారు. నేను రెండూ కుట్టి చూశాను.

క్రాస్ స్టిచ్‌కు చెయ్యి తిరిగి ఉండనక్కరలేదు. అంగుళానికి 14 గళ్లుండే ఐడా గుడ్డ తెచ్చుకుంటే, బొమ్మ గీసుకునే పని లేకుండా గళ్లు లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. అయితే 3 అంగుళాల బొమ్మను పూర్తిగా నింపాలంటే 42 వరుసల్లో 42 చొప్పున 1764 క్రాసులు, ఒక్కొక్కదానికి రెండేసి కుట్లు పడతాయి. పైగా మొదట్లో ఒక్క గడి తప్పితే ఆ తప్పు చివరి వరుసలో గాని బయటపడదు. నేను ఒక సాయంత్రమంతా కుట్టింది మర్నాడు విప్పుకుంటూ కూర్చున్నాను.

అసలు తేడా ముగ్గు దగ్గర తెలుస్తుంది. చుక్కలను నిలువుగా, అడ్డంగా, ఐమూలగా కలిపే ముగ్గు గళ్ల గుడ్డ మీద దాని కోసమే పుట్టినట్టు కుదురుతుంది. చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గును అదే గుడ్డ మీద కుట్టబోతే ప్రతి వంపూ మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. కాడకుట్టుకు ఆ ఇబ్బంది లేదు. ప్రతి కుట్టూ ముందటి కుట్టు సగం నుంచి మొదలవుతూ, దారం ఎప్పుడూ సూదికి ఒకే పక్కన ఉంటే, గీత సన్నని తాడు పేనినట్టు మెలిక వెంట తిరుగుతుంది. దారం ఒక్కసారి పక్క మారితే చాలు, అక్కడ పేట విడిపోయినట్టు కనబడుతుంది. ఆరు పోగుల దారంలో రెండు పోగులు విడదీసి మూరెడు పొడవున తెంపుకోవడం మంచిది. అంతకంటే పొడుగైతే ముడులు పడక మానవు.

మంగళగిరి గుడ్డకూ కొన్ని పేచీలున్నాయి. జాకెట్టుకు పోగా మిగిలిన ముక్కను ముందుగా తడిపి ఆరవేయకపోతే, కుట్టిన తరువాత మొదటి ఉతుకులోనే ముడుచుకుపోవచ్చు. లేత రంగు గుడ్డయితే వెనక నుంచి లాగిన ముదురు దారం ముందుకు కనబడుతుంది. ఎర్రదారాన్ని తడి చేసి తెల్లగుడ్డ మీద రుద్ది, రంగు దిగదని తేలాకనే సూదిలో ఎక్కించాలి.

ఇన్ని జాగ్రత్తలున్నా కానుకగా ఇవ్వడానికి నా ఓటు కాడకుట్టుకే, ఎందుకంటే ఉతికేకొద్దీ మెత్తబడే ఆ నూలు గుడ్డ పెట్టెలోకి పోకుండా రోజువారీ వాడకంలో ఉంటుంది. సూది కొత్తగా పట్టినవారు మాత్రం నిస్సందేహంగా క్రాస్ స్టిచ్‌తోనే మొదలుపెట్టాలి, అదీ బొమ్మ అంతా నింపకుండా, చుక్కల ముగ్గు గీతల వరకే.

ఇచ్చిపుచ్చుకోవడంలోనూ రెండు పద్ధతులు మా ముందుకు వచ్చాయి. అందరూ అందరికీ ఇస్తే తలా 7 చొప్పున మొత్తం 56 గుడ్డలు కుట్టాలి. సంక్రాంతి అరిసెల పని పెట్టుకుని అది సాగే మాట కాదు. చీటీలు తీసి ఒక్కరికి ఒక్కటే కుట్టడం ఖాయం చేసుకున్నాము. ఎవరి చీటీ ఎవరికి వచ్చిందో పేరంటం దాకా బయటపెట్టకూడదని షరతు పెట్టింది ఎదురింటి పిన్నిగారే. మూడోనాడు ఆవిడే మా గుమ్మంలోకి వచ్చి, నాకు ఆకుపచ్చ ఇష్టమా, వంకాయరంగు ఇష్టమా అని అడిగి వెళ్లారు.