కంపెనీ డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకునేవాళ్లు కొనేముందు ఇది చదవండి

మా తమ్ముడు ఖమ్మంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వాడి కోసం 2023లో ఒక పెద్ద కంపెనీ టవర్ డెస్క్‌టాప్ తీసుకున్నాం. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ సమస్య ఆ ఒక్క కంపెనీది మాత్రమే కాదు. ఐ5 12400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్‌తో కలిపి 46 వేలు పడింది. షోరూమ్‌లో అబ్బాయిని రెండుసార్లు అడిగా, తర్వాత డబ్బులు కూడాక గ్రాఫిక్స్ కార్డు వేసుకోవచ్చు కదా తమ్ముడూ అని. స్లాట్ ఉంది సార్, ఎప్పుడైనా వేసుకోవచ్చు అన్నాడు. ఆ మాట నమ్మే తీసుకున్నాం.

ముందు మంచి చెప్తా. సౌండ్ లేదు, వేడి లేదు, రెండేళ్లలో ఒక్కసారి కూడా హ్యాంగ్ అవలేదు, ఆఫీసు పనికి, పిల్లల చదువుకి, జీఎస్టీ బిల్లులకి అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ర్యామ్ కూడా ఈజీగా పెరిగింది, లోపల రెండు స్లాట్లుంటే కంపెనీ వాళ్లు ఒకదాంట్లోనే 8 పెట్టి పంపారు, రెండోదాంట్లో ఇంకో 8 వేసేసరికి డ్యూయల్ ఛానెల్ అయ్యి, అంటే రెండు ర్యామ్‌లూ ఒకేసారి పనిచేసి, తేడా బాగానే తెలిసింది.

అసలు గొడవ కార్డు దగ్గరే మొదలైంది. ఇప్పుడు కెమెరాలన్నీ 4కే అయిపోయాయి, ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్ మీద కలర్ కరెక్షన్ పెడితే టైమ్‌లైన్, అంటే ఎడిట్ చేసేటప్పుడు స్క్రీన్ మీద నడిచే వీడియో, ఆగి ఆగి నడుస్తోంది, మూడు గంటల తలంబ్రాల ఫుటేజ్ ముందేసుకుని వాడు తెల్లవార్లూ కూర్చునేవాడు, పక్కగదిలో అమ్మ లేచి ఇంకా పడుకోలేదేంట్రా అని తిట్టేది. మొత్తానికి ఒక సీజన్ డబ్బులు దాచి ఆన్‌లైన్‌లో ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ కార్డు తెప్పించాడు.

ఆదివారం పొద్దున పక్క రేకు విప్పాం. కార్డు స్లాట్‌లో కూర్చుంది, బానే ఉంది. కానీ కార్డు నెత్తిన కరెంట్ కోసం ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంటుంది కదా, దాంట్లో పెట్టడానికి వైరు లేదు! పవర్ సప్లై, అంటే లోపల అన్నిటికీ కరెంట్ ఇచ్చే డబ్బా, దాన్నుంచి బయటికొచ్చేవే రెండు వైర్లు, ఒకటి మదర్‌బోర్డుకి, ఇంకోటి ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నులది. హార్డ్ డిస్క్‌కి కూడా కరెంట్ బోర్డు మీంచే సన్న వైరుతో పోతోంది. టార్చ్ కొట్టి సప్లై మీది స్టిక్కర్ చూస్తే 260 వాట్స్. 3060 ఒక్కటే 170 వాట్స్ లాగుతుంది, ఈ ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో 117 దాకా పోతుంది, ఆ రెండూ కలిపితేనే 287. వైరు ఉన్నా నడిచేది కాదన్నమాట. తమ్ముడు కార్డు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు, నాకు కడుపు తరుక్కుపోయింది.

సరే పవర్ సప్లై మారుద్దాం, ఎంతవుతుందిలే అనుకుని సీపీయూ సంచిలో పెట్టుకుని శాతవాహన ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాం, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి. అక్కడ ఒక చిన్న షాపులో పెద్దాయన విప్పి రెండు నిమిషాలు చూసి, బాబూ ఇది మామూలు సప్లై పట్టేది కాదు అన్నాడు. బజార్లో దొరికేవాటికి 24 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, మా బోర్డు మీద కంపెనీ సొంత చిన్న కనెక్టర్. ఒక ఏటీఎక్స్ సప్లై, అంటే బజార్లో దొరికే మామూలు సైజుది, తెచ్చి క్యాబినెట్ వెనక ఆనించి చూపించాడు, బొక్క సైజూ కలవలేదు, స్క్రూలూ కలవలేదు. పోనీ బోర్డు మారిస్తే అంటే, పవర్ బటన్ వైరు కూడా వాళ్ల సొంత పిన్నే, వెనక యూఎస్‌బీ పోర్టుల రేకు క్యాబినెట్‌తో కలిపి కొట్టేశారు, ఊడి రాదు. అంటే బోర్డు, సప్లై, క్యాబినెట్ మూడూ కొత్తవి కొనాలి, పైగా మెషీన్‌తో వచ్చిన విండోస్ ఆ పాత బోర్డుకే ముడిపడి ఉంటుంది కాబట్టి అదీ పోతుంది. ఆయన ఒక్క రూపాయి తీసుకోలేదు, చాయ్ కూడా తాగించి పంపాడు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఈ మోడల్‌కి పెద్ద సప్లై మా దగ్గర లేదు సార్ అన్నారు, అంతే.

చివరికి ఏం చేశామంటే, 3060ని తెలిసినవాళ్లకి రెండు వేలు తక్కువకి ఇచ్చేసి ఆర్‌టీఎక్స్ 3050 తీసుకున్నాం, 6 జీబీది. ఇక్కడ జాగ్రత్త, 3050లో 8 జీబీది కూడా ఉంది, అది 130 వాట్స్, దానికి మళ్లీ వైరు కావాలి. 6 జీబీది 70 వాట్సే. స్లాట్ నుంచే 75 వాట్స్ దాకా వస్తుంది కాబట్టి విడిగా వైరు అక్కర్లేదు, కొనేముందు ఫోటోలో కార్డు మీద పవర్ సాకెట్ లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పొడవు కూడా కొలవండి, మా దాంట్లో ముందు హార్డ్ డిస్క్ పెట్టే రేకు అడ్డం వచ్చి 19 సెంటీమీటర్లే ఖాళీ ఉంది, అందుకే ఒక్క ఫ్యాన్ ఉన్న పొట్టి కార్డు వెతికి తెచ్చాం. నాలుగు నెలలుగా నడుస్తోంది, 4కే టైమ్‌లైన్ ఇప్పుడు ఆగట్లేదు, వాడు పన్నెండింటికల్లా పడుకుంటున్నాడు.

నేను మూడు స్టార్లు ఇస్తున్నా. తగ్గించింది మెషీన్ బాలేదని కాదు, ఇంత ముఖ్యమైన విషయం డబ్బా మీద గానీ, సైట్‌లో గానీ, అమ్మే అబ్బాయి నోట గానీ రానందుకు. షోరూమ్‌కి వెళ్తే స్లాట్ ఉందా అని అడక్కండి, పవర్ సప్లై ఎన్ని వాట్స్, కార్డుకి ఆరు పిన్నులో ఎనిమిది పిన్నులో వైరు వస్తుందా, బోర్డు మీద 24 పిన్నుల కనెక్టర్ ఉందా, ఈ మూడూ అడగండి, డెమో పీస్ పక్క రేకు విప్పి చూపించమనండి. మీ ఇంట్లో ఇలాంటి టవరే ఉండి ఏ కార్డు పడుతుందో అర్థం కాకపోతే స్టిక్కర్ మీద వాట్స్, లోపల ఖాళీ ఎన్ని సెంటీమీటర్లుందో రాయండి, నాకు తెలిసినంతలో చెప్తా.