డిప్లొమసీలో స్క్వేర్ల లెక్క: మూడేళ్లు ఆడాక

డిప్లొమసీ అంటే ఏడుగురు యూరప్ దేశాల తరఫున ఆడే బోర్డు ఆట. అది ఎలా ఆడతారో చెప్పను. డ్రా అయితే పాయింట్లు ఎలా పంచుకోవాలన్న ఒక్క సంగతే రాస్తున్నాను. రూల్ బుక్ ప్రకారం బోర్డు మీద మిగిలిన అందరికీ సమాన వాటా. ఒకసారి ఫ్రాన్స్‌కు 17 సెంటర్లు (మ్యాప్ మీద పట్టుకోవాల్సిన కీలక ప్రాంతాలు), నాకు 16, ఇటలీకి ఒక్కటే. ముగ్గురికీ తలా 33 పాయింట్లు! ఆ రోజే మా ఏడుగురం స్క్వేర్ల లెక్కకు మారాం. ఎవరి సెంటర్ల సంఖ్యకు వాళ్లు వర్గం కట్టి, వంద పాయింట్లను ఆ నిష్పత్తిలో పంచుకోవాలి. అలా చూస్తే ఫ్రాన్స్‌కు 53, నాకు 47, ఇటలీకి 0.18. ఇంతకన్నా మంచి రూల్ లేదని మొదటి ఏడాదంతా అందరికీ చెప్పాను.

తర్వాత ఒక ఆటలో నేను టర్కీ, నా మిత్రుడు రష్యా. ఆటలో కాలం మొదలయ్యే 1901 నుంచి ఇద్దరం ఒక్కసారి కూడా మాట తప్పలేదు. 1910తో ఆపేద్దామని అందరం ముందే అనుకున్నాం. చివరి ఎత్తుకు మా ఇద్దరికీ చెరో 12, ఫ్రాన్స్‌కు 10. నా సైన్యాలన్నీ పడమట ఫ్రాన్స్‌ను ఆపుతున్నాయి, వెనక కాపలా లేదు. అందరం రహస్యంగా ఎత్తులు రాసిన చీటీలు తెరిచాం. రష్యా రుమేనియా నుంచి బల్గేరియాలోకి, బుడాపెస్ట్ నుంచి సెర్బియాలోకి వచ్చేశాడు. రెండూ నా సెంటర్లే. 14 సెంటర్లతో గెలవలేడు, 18 కావాలి. కానీ అతని వాటా 37 నుంచి 49.5కి పెరిగింది, నాది 25కి పడిపోయింది.

వెన్నుపోటు ఈ ఆటలో మామూలే. గెలుపు కోసం పొడిస్తే మెచ్చుకుంటాను. తిరిగి కొట్టే వీలు లేని చివరి ఎత్తులో, పన్నెండు పాయింట్ల కోసం పొడవడం మాత్రం నాకు మింగుడుపడలేదు. "రూల్ అలా ఉంది కదా అన్నా" అన్నాడు. నిజమే. సమాన వాటా ఉండి ఉంటే ఆ ఎత్తు వల్ల అతనికి ఒక్క పాయింటు కూడా కలిసొచ్చేది కాదు.

ఇప్పుడు సగం పాయింట్లు సమానంగా, సగం స్క్వేర్ల ప్రకారం పంచుకుంటున్నాం. 1907 నుంచి ఏటా చివర్లో పాచిక వేస్తాం, ఆరు పడితే ఆట ఆపేస్తాం. చివరి ఎత్తు ఏదో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ టెన్షన్ తగ్గింది, పొత్తులు నిలుస్తున్నాయి.

మేం ఏడాది పొడవునా పాయింట్లు కూడతాం కాబట్టి మాకు ఇంత అవసరమైంది. ఎప్పుడో ఒక ఆట ఆడేవాళ్లకు రూల్ బుక్కే చాలేమో. మా పద్ధతిలోనూ ఒక్క సెంటర్ ఉన్న ఇటలీకి దాదాపు 17 పాయింట్లు వస్తాయి. అది నాకింకా నచ్చడం లేదు. కనీసం మూడు సెంటర్లు ఉంటేనే సమాన వాటా ఇవ్వాలని మావాళ్లను అడుగుతున్నాను, ఇంకా ఒప్పుకోలేదు.