హేచరీ తలుపులకు కార్డు తాళాలు: ఏడాదిన్నర వాడిన తర్వాత

అల్లూరు దాటి ఇసకపల్లి వైపు వెళ్తే సముద్రపు ఒడ్డున మా రొయ్యపిల్లల హేచరీ ఉంది. ఏడాదిన్నర కిందట ఇక్కడ నాలుగు తలుపులకు కార్డు తాళాలు పెట్టించాం. తల్లి రొయ్యలు ఉండే మెచ్యూరేషన్ గదికి వరసగా రెండు తలుపులు, పిల్లలను పెట్టెల్లో సర్దే షెడ్డుకు ఒకటి, జనరేటర్ గదికి ఒకటి. నాలుగు తలుపులను నడిపే కంట్రోలర్, ఐదు రీడర్లు, 600 పౌండ్ల బలంతో పట్టుకునే అయస్కాంత తాళాలు నాలుగు, తలుపు మూసి ఉందో లేదో చెప్పే సెన్సర్లు, లోపలి వైపు ఎగ్జిట్ బటన్లు, ప్రమాదంలో నొక్కే పచ్చ పెట్టెలు, బ్యాటరీ. కూలీతో కలిపి లక్షా నలభై వేల చిల్లర అయింది. పరికరానికి నేను ఐదుకు నాలుగు ఇస్తాను. మొదటిసారి బిగించి వెళ్లినవారి పనికి ఒకటి కూడా ఇవ్వలేను. రెండోసారి వచ్చి సెట్టింగులు సరిచేసిన కుర్రవాడి పనికి ఐదుకు ఐదు. ఈ మూడూ ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మా తీరంలో ఇంకా చాలామంది ఇవే పెట్టించుకోవాలని అడుగుతున్నారు.

మాకు తలుపు అంటే దొంగ భయం ఒక్కటే కాదు. మేం పెంచే వెనామీ రకం రొయ్యకు మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. అప్పటి నుంచి తల్లి రొయ్యలు విదేశాల నుంచి వచ్చి, చెన్నైలో క్వారంటైన్ ముగించుకుని మా ట్యాంకుల్లోకి చేరుతున్నాయి. వ్యాధి లేదని పరీక్షించి తెచ్చిన తల్లులను, చెరువుగట్టు మీద నడిచి వచ్చిన ఒక్క చెప్పుల జత పాడుచేయగలదు. తెల్లమచ్చ వైరస్ గానీ, రొయ్య ఎదుగుదలను ఆపే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి గానీ ఒకసారి లోపలికి వస్తే ట్యాంకులన్నీ ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారన్నది నాకు కావాలి. రిజిస్టరులో సంతకాలు చాలాకాలం పెట్టించాం. రాత్రి డ్యూటీ సంతకాలన్నీ తెల్లవారి ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉండేవి.

వేలిముద్రల యంత్రం వద్దని నేనే చెప్పాను. రోజంతా ఉప్పునీళ్లలో, బ్లీచింగులో నానే చేతులు. వేళ్ల చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంది. యంత్రం వాటిని సరిగా గుర్తుపట్టదు. కార్డే మేలు.

మొదట వచ్చినవారు రెండు రోజుల్లో వైర్లు లాగి, తాళాలు బిగించి, ల్యాప్‌టాప్‌లో నాలుగు తలుపులకూ ఒకే లెక్క పెట్టి వెళ్లిపోయారు. కార్డు చూపితే తాళం ఐదు సెకన్లు వదులుతుంది. తలుపు పదిహేను సెకన్లకు మించి తెరిచి ఉంటే మోత. ఉద్యోగుల కార్డులు ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా పనిచేస్తాయి. ఏదైనా ఆఫీసుకు ఇది చక్కగా సరిపోతుంది. హేచరీకి రాత్రి పది అంటే పని ముగిసే వేళ కాదు.

అది నవంబరు. తూర్పుగాలీ వానా కలిసి కొడుతున్నాయి. రాత్రి రెండూ నలభైకి కరెంటు పోయింది. ట్యాంకుల్లోకి గాలి పంపే బ్లోయర్ల హోరు మాకు అలవాటై చెవికి వినపడదు. ఆగితే మాత్రం గాఢనిద్రలో ఉన్నవాళ్లం కూడా లేచి కూర్చుంటాం. నేను లేచేసరికే మా జనరేటర్ ఆపరేటర్ క్వార్టర్స్ తలుపు బాదుతున్నాడు. నాకంటే పెద్దవాడు, ఇరవై ఏళ్లుగా ఇదే పని. నిలువునా తడిసిపోయి ఉన్నాడు.

"సార్, తలుపు నా కార్డు తీసుకోవడం లేదు. మూడుసార్లు పెట్టాను, ఎర్ర దీపమే వస్తోంది."

డీజిల్ తరిగిపోతోందని ఆ గదికి తాళం పెట్టించింది నేనే. కరెంటు పోతే అయస్కాంత తాళం వదిలేస్తుందని అందరూ అనుకుంటారు, అది నిజమే. కానీ మాకు బ్యాటరీ ఉంది. ఊరంతా చీకటైనా ఆ తాళం మాత్రం గట్టిగా పట్టుకునే ఉంది. కంట్రోలర్ కూడా తన పని తాను చేసింది: రాత్రి పది దాటింది కాబట్టి ఆయన కార్డు చెల్లదు. నా కార్డుకు వేళల నియమం లేదు. వానలో ఇద్దరం పరుగెత్తి తలుపు తీసి, జనరేటర్ వేసి, బ్లోయర్లు అందుకునేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

తెల్లవారాక బీకరులో నీళ్లు ముంచి వెలుతురుకు పట్టి చూశాను. జోయియా అనే తొలి దశలో ఉన్న పిల్లలు మామూలుగా బీకరంతా పరుచుకుని, వెనక సన్నని దారంలాంటి మలాన్ని ఈడ్చుకుంటూ కదులుతాయి. ఆ రోజు రెండు ట్యాంకుల నుంచి తీసిన బీకర్లలో సగం పిల్లలు అడుగున చేరి ఉన్నాయి. కొన్నింటి వెనక ఆ దారమే లేదు, అంటే మేత తినలేదు. బిగించినవారికి ఫోను చేస్తే, "సాఫ్ట్‌వేర్‌లో మీరే మార్చుకోవచ్చు సార్" అన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చూపించనేలేదు. రమ్మంటే వారం రోజుల దాకా ఎవరూ రాలేదు.

నెల్లూరులో సీసీ కెమెరాలు బిగించే ఒక చిన్న దుకాణం వారు పంపిన కుర్రవాడు వచ్చాడు. కావలి అబ్బాయి, పాతికేళ్లు కూడా ఉండవు. రాగానే ల్యాప్‌టాప్ తెరవలేదు. ఒక కుర్చీ అడిగి ప్యాకింగ్ షెడ్డు తలుపు పక్కన గంటసేపు కూర్చున్నాడు. ఆడవాళ్లు పెట్టెలు మోసుకుపోతుంటే ఫోనులో సెకన్లు లెక్కపెట్టుకున్నాడు. వాళ్లలో ఒకామె ఆగి, "అబ్బాయ్, రెండు చేతులా పెట్టె ఉంటే కార్డు ఎట్లా చూపాలి? కింద పెట్టి, చూపి, మళ్లీ ఎత్తేలోపు తాళం పడిపోతుంది" అంది. ఈ మాట ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇక్కడ రెండు అంకెలు వేరువేరు అని అతని వల్లే నాకు అర్థమైంది. ఒకటి, కార్డు చూపాక తాళం ఎంతసేపు వదిలి ఉండాలి అన్నది. రెండోది, తెరిచిన తలుపు ఎంతసేపటి దాకా తెరిచి ఉండవచ్చు, ఎప్పుడు మోగాలి అన్నది. మొదటిది మనిషి తలుపును నెట్టే దాకా సరిపోవాలి. రెండోది సరుకు దాటే దాకా సరిపోవాలి. ప్యాకింగ్ తలుపుకు మొదటిది పన్నెండు సెకన్లు, రెండోది నలభై ఐదు చేశాడు. రీడర్‌ను కూడా నడుము ఎత్తుకు దించాడు. ఇప్పుడు మెడలోని కార్డు పెట్టె మీదుగా వేలాడుతుంటే కాస్త వంగితే చాలు. వీటితో పాటు, తలుపు మూసుకోగానే మిగిలిన సెకన్ల కోసం ఆగకుండా తాళం వెంటనే పడేలా ఒక ఎంపిక ఉంటే దాన్నీ పెట్టాడు. పన్నెండు సెకన్లు ఇచ్చినా, మూసుకున్న తలుపును వెనక వచ్చేవాడు కార్డు లేకుండా తీయలేడు.

ఆ తర్వాత అతను చూపించిన తప్పు నాకు మరీ బాధ కలిగించింది. కంట్రోలర్ రాసుకునే చిట్టా, అంటే లాగ్, మొదటి నెలది తీస్తే "తలుపు బలవంతంగా తెరిచారు" అనే హెచ్చరికలు పేజీల కొద్దీ ఉన్నాయి. మోత రోజుకు పదులసార్లు మోగేది. మావాళ్లు దానికి అలవాటుపడి తల కూడా తిప్పేవారు కాదు. కారణం ఎగ్జిట్ బటన్. దాన్ని కంట్రోలర్‌కు కలపాలి. మొదట బిగించినవారు వైరు కలిసొస్తుందని నేరుగా తాళం వైరుకే కలిపేశారు. నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ బటన్ నొక్కిన సంగతి కంట్రోలర్‌కు తెలియదు. కార్డు లేదు, బటన్ లేదు, తలుపు మాత్రం తెరుచుకుంది. అది బలవంతపు ప్రవేశం అనే రాసుకుంటుంది. మూడు తలుపులకు వైర్లు మార్చాక ఆ హెచ్చరిక వారానికి ఒకటో రెండో వస్తోంది. ఇప్పుడు మోగితే వాచ్‌మన్ లేచి వెళ్లి చూస్తున్నాడు. మీ దగ్గర ఇప్పటికే ఈ తాళాలు ఉంటే, ఇవాళే ఎగ్జిట్ బటన్ నొక్కి బయటికి వచ్చి లాగ్ చూడండి. రెండు నిమిషాల పని.

పచ్చ పెట్టె సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అది కంట్రోలర్ మీద ఆధారపడకూడదు. తాళానికి వెళ్లే కరెంటునే తెంచాలి, అప్పుడు కంట్రోలర్ మొరాయించినా తలుపు వదులుతుంది. అతను నాలుగు పెట్టెలనూ నా చేతనే నొక్కించి, తలుపు నా చేతనే నెట్టించాడు.

మెచ్యూరేషన్ గది ముందు రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంది. అక్కడే బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని, బ్లీచింగ్ నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి లోపలికి వెళ్లాలి. ఒక తలుపు మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోకూడదు. దీన్నే ఇంటర్‌లాక్ అంటారు. కంట్రోలర్‌లో ఆ సౌకర్యం ముందు నుంచీ ఉంది, ఎవరూ ఆన్ చేయలేదు. అతను ఆన్ చేశాడు. కాళ్లు ముంచాక కనీసం ఇరవై సెకన్లు ఆగేలా చేయగలవా అని అడిగాను. చాలాసేపు వెతికి, ఈ కంట్రోలర్‌లో ఆ ఆలస్యం పెట్టే వీలు లేదని నిజం చెప్పాడు. కాసేపు ఆ తొట్టి వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలి తలుపు రీడర్‌ను గోడ నుంచి ఊడదీసి, తొట్టికి సరిగ్గా పైన వచ్చేలా పక్క గోడకు బిగించాడు. కార్డును రీడర్‌కు నాలుగు వేళ్ల దూరంలోకి తీసుకురావాలంటే రెండు కాళ్లూ తొట్టిలో ఉండి తీరాలి. అటు నుంచి ఇటు చేయి చాచినా అందదు. మా యజమాని వచ్చి చూసి, మూడుసార్లు తొట్టి బయట నిలబడి ప్రయత్నించి, చివరికి చెప్పులు విడిచి నీళ్లలో దిగాడు.

ఇంటర్‌లాక్ పెట్టిన పదో రోజున ఒక ఇబ్బంది వచ్చింది. మా తలుపులు ఫైబర్‌వి, ఇక్కడి ఉప్పుగాలికి చెక్క నిలవదు. ఫైబర్ తలుపు పెద్దగాలికి కొద్దిగా వంగుతుంది. బయటి తలుపు మూసే ఉన్నా పైమూలలో ఉన్న సెన్సర్‌కూ దాని అయస్కాంతానికీ మధ్య ఎడం పెరిగి, తలుపు తెరిచి ఉందని కంట్రోలర్ అనుకుంది. దాంతో లోపలి తలుపు తెరుచుకోలేదు. మా ల్యాబ్ అమ్మాయి ఆ చిన్న గదిలో నిలబడిపోయింది. పచ్చ పెట్టె నొక్కి బయటికి వచ్చింది, భయపడలేదు. ఫోను చేస్తే మర్నాడే ఆ అబ్బాయి బస్సులో వచ్చి, సెన్సర్‌ను తలుపు వంగని చోటికి, తాళం పక్కకే మార్చాడు. డబ్బు ఇవ్వబోతే బస్సు చార్జీ మాత్రం తీసుకున్నాడు.

జనరేటర్ గదికి ఆపరేటర్ల కార్డులు ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తాయి. బయట తాళంచెవితో తిప్పే స్విచ్ ఒకటి పెట్టించాం. అది తిప్పితే తాళానికి కరెంటు ఆగిపోతుంది. ఆ చెవి సీలు వేసిన గాజు పెట్టెలో ఆపరేటర్ కుర్చీ వెనక గోడకు ఉంది. బ్యాటరీ లెక్క కూడా తెలుసుకోండి: ఒక్కో తాళం దాదాపు అర ఆంపియరు లాగుతుంది, నాలుగు కలిస్తే 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మూడు గంటలు రావడం కష్టం. ఆ తర్వాత తలుపులన్నీ వదిలేస్తాయి. తుఫాను రోజుల్లో మేం మెచ్యూరేషన్ గది దగ్గర మనిషిని కూర్చోబెడుతున్నాం.

లోపలికి వెళ్లిన కార్డు బయటికి రాకుండా మళ్లీ లోపలికి వెళ్లలేకుండా చేసే యాంటీ పాస్‌బ్యాక్ మెచ్యూరేషన్ గదికి మాత్రమే పెట్టాం. అందుకే లోపలి వైపు ఐదో రీడర్. ఒకే కార్డు మీద ఇద్దరు దూరడం ఆగింది. తాళాలు వదిలేసినప్పుడు అందరూ కార్డు చూపకుండా బయటికి వస్తారు కాబట్టి, మర్నాడు ఎవరినీ ఆపకుండా ఎవరు లోపల ఉన్నారన్న లెక్క అర్ధరాత్రి చెరిగిపోయేలా పెట్టించుకోవాలి.

ఐదో మార్కు ఎందుకు తగ్గించానంటే, మెనూ అంతా ఇంగ్లీషులోనే ఉంది. సూపర్‌వైజర్ల కోసం ఆ అబ్బాయే ఒక్కో తలుపు అంకెలు తెలుగులో కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి కంట్రోలర్ పెట్టె తలుపు లోపలి వైపు అంటించాడు. తాళాలతో వచ్చిన మరలు ఆరు నెలల్లోనే తుప్పుపట్టాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం. తాళం ఇనుప పలక మీద ఉప్పు పొర పడితే పట్టు సడలుతుంది. ప్రతి సోమవారం పొడిగుడ్డతో తుడిపించి, నేనే ఒకసారి తలుపు లాగి చూస్తున్నాను.

వచ్చే నెల, పిల్లల మేతకు నాచు పెంచే ఆల్గే గదికి ఐదో తలుపు పెట్టిస్తున్నాం, రెండో కంట్రోలర్ కొనాలి. ఆ గదిలో రోజంతా ఏసీ నడుస్తుంది, తలుపు ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు. ఆ అబ్బాయికి ఫోను చేసి, ఎన్ని సెకన్లు పెడదామని అడిగాను. "గురువారం వస్తాను సార్. ముందు ఒక పూట కూర్చుని చూడనివ్వండి" అన్నాడు.