300 చిప్పుల పోకర్ సెట్: మిర్యాలగూడ నుంచి ఒక రివ్యూ

ఇదే పెట్టెను ఆన్‌లైన్‌లో నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. లోపల సరుకు ఒకటే, మూత మీద స్టిక్కరే వేరు. అందుకే బ్రాండ్ పేరు రాయడం లేదు. అల్యూమినియం సూట్‌కేసు, 300 చిప్పులు, రెండు పత్తాల కట్టలు, పంచే వంతు ఎవరిదో చూపే ఒక డీలర్ బటన్, ఛాన్సుల పట్టిక వేసిన ఒక అట్ట. ఈ సామాను ఉన్న సెట్ ఏది కనిపించినా దాదాపు ఇదే అనుకోండి. మాకు మూడు వేలకు కాస్త తక్కువలో వచ్చింది.

ముందే ఒక మాట. మేం డబ్బు పెట్టి ఆడం. 2017లో గేమింగ్ చట్టం సవరించాక తెలంగాణలో రమ్మీకి కూడా మినహాయింపు పోయింది. 2025లో కేంద్రం తెచ్చిన చట్టంతో ఆన్‌లైన్ డబ్బు ఆటలూ బందయ్యాయి. మాది ఉత్త పాయింట్ల టోర్నమెంట్. ఆదివారం సాయంత్రం మా బావ ఎరువుల దుకాణం పైగదిలో ఎనిమిది మందిమి కూర్చుంటాం. చివరిదాకా నిలిచిన ముగ్గురికి 5, 3, 2 పాయింట్లు. వడ్లు దిగే రోజుల్లో మాత్రం ఆట ఉండదు. నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను, ఆ నెలల్లో నాకు ఆదివారం అంటూ ఒకటి ఉండదు.

చిప్పుల సంగతి. 25, 100 రకాలు వందేసి, 500, 1000 రకాలు యాభయ్యేసి వచ్చాయి. మనిషికి 25వి ఎనిమిది, 100వి ఎనిమిది, 500వి నాలుగు, 1000వి రెండు ఇస్తే సరిగ్గా 5,000 అవుతుంది. అంటే తలకు 22 చిప్పులు. ఎనిమిది మందికి పంచినా పెట్టెలో ఇంకా బోలెడు మిగులుతాయి. బరువు 11.5 గ్రాములని రాశారు. మిల్లులో శాంపిళ్లు తూచే కాటా మీద పది చిప్పులు వేస్తే 114 గ్రాములు చూపించింది. అబద్ధం రాయలేదు. చేతిలో బరువుగా, గలగలమంటూ బాగున్నాయి.

ఇక లోపం. 100 నలుపు, 500 ముదురు నీలం. పగలు తేడా తెలుస్తుంది. రాత్రి బల్బు కింద, టేబుల్ అవతలి నుంచి చూస్తే రెండూ ఒకటే. ఇది చిన్న విషయం కాదు. టోర్నమెంటులో డ్రా చేతిని, అంటే ఇంకో ముక్క పడితే గానీ పూర్తికాని చేతిని, ఎలా ఆడాలన్నది తేలేదే ఎవరి ముందు ఎంత ఉందన్న దాని మీద. మొన్న జరిగిన ఆటే చెబుతాను.

ఐదుగురు మిగిలారు. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టాల్సిన చిప్పులు, 100-200. మెడికల్ షాపు అన్న ముందు కుప్ప, ఇద్దరి దగ్గర రెండు వేల లోపు. బావ 500కు పెంచాడు. పెద్ద బ్లైండులో ఉన్న మా మేనల్లుడు ఆటీన్ 9, ఆటీన్ 7తో కాల్ చేశాడు, అంటే అంతే వేసి ఆటలో నిలిచాడు. మిగతావాళ్లు పడేశారు. పడేసిన చిన్న బ్లైండు 100తో కలిపి పాట్, అంటే మధ్యలో పోగైనది, 1,100. బోర్డు మీద, అంటే అందరికీ పనికొచ్చే ఉమ్మడి ముక్కలుగా, ఆటీన్ రాజు, ఆటీన్ 4, కళావర్ 2 పడ్డాయి, ఇంకో రెండు రావాలి. అల్లుడికి నాలుగు ఆటీన్లు, ఇంకొక్కటి పడితే ఫ్లష్, అంటే ఒకే గుర్తువి ఐదు. వాడి ముందు 3,400, బావ ముందు 5,200. బావ 600 వేశాడు.

ఇక్కడ పెట్టెలో వచ్చిన అట్ట తీసి చూస్తే ఏం రాసి ఉంటుంది? కనపడని ఆటీన్లు తొమ్మిది; తొమ్మిది ముక్కలు పనికొచ్చేవైతే 35 శాతం. కాల్‌కు 600, చివరికి పాట్ 2,300 అవుతుంది, అంటే 26 శాతం ఛాన్సు ఉంటే గిట్టుబాటు. 35 ఎక్కువ కదా, కాల్ చేసెయ్ అంటుంది అట్ట. అట్ట తప్పుదారి పట్టించేది ఇక్కడే. ఆ 35 శాతం రాబోయే రెండు ముక్కలూ ఇంకో పైసా పెట్టకుండా చూడగలిగితేనే. వచ్చే ఒక్క ముక్కకు చూస్తే కనపడని 47 ముక్కల్లో 9, అంటే 19 శాతమే. ఆటీన్ పడకపోతే బావ ఊరుకుంటాడా? 1,500 వేస్తాడు. అప్పుడు కాల్‌కు 28 శాతం కావాలి, చేతిలో ఉన్నది 19 చిల్లర. పడేయక తప్పదు, ముందు పెట్టిన 600 గోవిందా. ఫ్లష్ పడితే బావ దగ్గర ఇంకా రాబట్టొచ్చు అని వాదించేవాళ్లుంటారు. నిజమే గానీ, మూడో ఆటీన్ బోర్డు మీద పడ్డాక మా బావ పైసా కదపడు.

అల్లుడు కాల్ చేయలేదు. మొత్తం 3,400 ముందుకు నెట్టాడు. నాకు నచ్చిన ఆట ఇది. ఇంటికొచ్చి లెక్క వేశాను. బావ చూస్తే, అంటే కాల్ చేస్తే, పాట్ 7,900. అందులో 35 శాతం అంటే 2,765. పెట్టింది 3,400 కాబట్టి సగటున 635 నష్టం. బావ పడేస్తే చేతికొచ్చేది 1,700. ఈ రెండూ కలిపితే, బావ నాలుగింట ఒక వంతుకన్నా కాస్త ఎక్కువ సార్లు, 27 శాతం దాకా, పడేస్తే చాలు, చిప్పుల లెక్కలో నష్టం లేదు. కాల్ చేసినవాడు ముక్క పడితేనే గెలుస్తాడు. నెట్టినవాడికి ముక్క పడినా గెలుపే, ఎదుటివాడు జడిసినా గెలుపే.

ఇది చిప్పుల లెక్క మాత్రమే. టోర్నమెంటులో పోయే చిప్పుకున్న విలువ వచ్చే చిప్పుకు ఉండదు. ఈ విలువ కట్టే లెక్కను ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. 3,400 పోతే అల్లుడు సున్నా పాయింట్లతో ఇంటికి. రెట్టింపైతే మాత్రం పాయింట్లు రెట్టింపు కావు. పైగా రెండు వేల లోపు ఉన్న ఇద్దరు తమంతట తామే పోయేలా ఉన్నప్పుడు 27 శాతం సరిపోదు, అంతకన్నా ఎక్కువే కావాలి. అయితే అదే భయం బావకీ ఉంది. చూసి ఓడితే ఆయనకు మిగిలేది 1,800. మెడికల్ షాపు అన్న మీదైతే ఈ ఆట ఆడకూడదు. అంత కుప్ప ఉన్నవాడు సరదాకైనా చూస్తాడు. 700 మిగిలినవాడి మీద కూడా వద్దు, వాడు ఎలాగూ చూస్తాడు.

సరే, నీలం చిప్పుల దగ్గరికి వద్దాం. బావ అవతలి నుంచి అల్లుడి దొంతర చూసి, నాలుగు 500లను 100లు అనుకున్నాడు. ఆయన లెక్కలో అది 1,800. "పద్దెనిమిది వందలకైతే సూస్త తియ్" అంటూ చిప్పుల మీద చెయ్యి వేశాడు. "మామా, ఆగు, మూడు వేల నాలుగు వందలు" అన్నాడు అల్లుడు. విడదీసి లెక్కపెడితే అంతే. బావ చేతిలో రెండు పదులు, బోర్డు మీద రాజు. కాసేపు గొణిగి పడేశాడు. 1,800 అయితే ఇంకో 1,200 వేసి 3,500కు పోటీ, ఆయన చూసేవాడే. నిజమైన మొత్తం కనపడింది కాబట్టి పడేశాడు. డ్రా మీద నెట్టేటప్పుడు బెదిరించేది ఆ మొత్తమే. అది కనపడకపోతే ఆట సగం చచ్చినట్టే.

మరుసటి వారం 500 చిప్పులన్నిటి అంచుకూ తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టాం. ఇప్పుడు తేడా టేబుల్ అవతలికి కూడా తెలుస్తుంది. అట్ట వెనకాల స్కెచ్ పెన్‌తో ఒక్క ముక్క లెక్క రాశాను: పనికొచ్చే ముక్కలు 4 అయితే 8 శాతం చిల్లర, 8 అయితే 17, 9 అయితే 19, 15 అయితే 32. ముందువైపు అచ్చులో ఉన్నవి 16 చిల్లర, 31 చిల్లర, 35, 54. మొత్తం నెట్టేసినప్పుడు ముందువైపు, లేకపోతే వెనకవైపు చూడాలని మావాళ్లకు రూలు. ఫ్లష్, స్ట్రెయిట్ (వరుస అంకెలవి ఐదు) రెండూ కలిసి 15 ముక్కలున్న చేతిని మొత్తం నెట్టేస్తే అట్టలు అక్కర్లేదు, అది సగానికి పైగా మనదే.

పత్తాల కట్టలు మాత్రం దండగ. పైన మెరుపు పూసిన కాగితం, అంచులు త్వరగా చిట్లుతాయి. చిట్లిన ఆసును వెనక నుంచే గుర్తుపట్టే కళ్లు మా టేబుల్ మీద రెండు జతలున్నాయి. పైగా ఆటీన్, డైమండ్ రెండూ ఒకే ఎరుపు. మూడు ఆటీన్లు, రెండు డైమండ్లు పట్టుకుని "ఫ్లష్" అని అరిచిన సందర్భాలున్నాయి. నాలుగు రంగుల ప్లాస్టిక్ కట్ట విడిగా తెప్పించండి, అందులో డైమండ్ నీలం, కళావర్ ఆకుపచ్చ. సూట్‌కేసు గొళ్లెం ఒకటి ఊడింది, లోపలి స్పాంజి బాగుంది. బ్లైండ్ల టైమర్ రాదు, ఫోన్ చాలు.

అయిదుకు మూడున్నర. చిప్పులకు నాలుగు, అట్టకు మూడు, కట్టలకు ఒకటి. కొనేముందు ఫొటోలో 100, 500 రంగులు చూడండి, ఒకటి ఎరుపో పచ్చో ఉన్న సెట్ దొరికితే అదే తీసుకోండి. ఆరుగురికి మించని గుంపైతే 200 చిప్పుల పెట్టె చాలు. ఉత్త రమ్మీ ఆడేవాళ్లకు దీంతో పని లేదు.